ఎరుకమ్మ వేసిన అతుకు

జంగ్లీఘాట్‌లో తెలుగువాళ్ళ వీధి చివర, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న రేకుల ఇల్లు ఎరుకమ్మది. ఆవిడ తోడు వేసిన పాలు తోడుకోకపోవడమన్నది ఆ వీధి చరిత్రలో లేదు. పాలంటే ఆవు పాలనుకునేరు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఆవు పాలు కావాలంటే ఆవుతో ఏదో ఒక చుట్టరికం ఉండాలి. ఎరుకమ్మకి దొరికేది పాలపొడి. ఆ పొడినే గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, గిన్నె పొట్టకి వేళ్ళ వెనకవైపు ఆనించి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, తోడు ఎంత వెయ్యాలో అప్పుడు తేల్చేది. వాన పడుతుంటే చెంచా నిండా. ఎండ పేలిపోతుంటే చెంచా అంచుకి అంటినంత. పొద్దుటికి గిన్నె బోర్లించినా పెరుగు జారేది కాదు. పక్కింటి గురమ్మ అయితే, ఎరుకమ్మ వదిన నీళ్ళకి తోడేసినా గడ్డకడతాయని ఊరంతా చెప్పుకొచ్చేది. ఎరుకమ్మ ఆ మాటని ఒక్కసారి కూడా ఖండించిన పాపాన పోలేదు.

రెండువేల నాలుగు డిసెంబరులో, ఆ ఆదివారం పొద్దున్న భూమి ఊగి, దాని వెనకే సముద్రం వీధిలోకి వచ్చినప్పుడు, జనం చేతికందింది పట్టుకుని గుట్ట మీదికి పరిగెత్తారు. ఒకడు రేషన్ కార్డు, ఒకడు కోడిపుంజు, గురమ్మ కుట్టుమిషను. ఎరుకమ్మ పెరుగు గిన్నె పట్టుకుని పరిగెత్తింది. గాజులున్న పెట్టె ఇంట్లోనే ఉండిపోయింది.

"ఒలే, బంగారం ఒగ్గేసి పెరుగెట్టుకొచ్చినావేటే!" అని మొగుడు రాముడు గుట్ట మీద నెత్తి కొట్టుకున్నాడు.

"గాజులు సేయించుకోవచ్చు మావా. తోడు పోతే మళ్ళీ ఎక్కడినుంచి తెచ్చేది?" అంది ఆవిడ.

ఆ మాటకి నవ్వినవాళ్ళే వారం తిరక్కుండా సహాయ శిబిరంలో గిన్నెలు పట్టుకుని ఆవిడ ముందు వరసలో నిలబడ్డారు. శిబిరానికి పాలపొడి మూటలు మూటలుగా వచ్చింది. తోడు మాత్రం ఎవరూ పంపలేదు.

నవ్వులాట అంతవరకే. ఎరుకమ్మ తమ్ముడు బంగారురాజు ఆ ఆదివారానికి ముందే రాముడి చెక్క పడవ తీసుకుని హట్‌బే దీవి వైపు చేపల వేటకెళ్ళాడు. తిరిగి రాలేదు. ఆ పడవది ఒక తెడ్డు మాత్రం దొరికింది. ఆ రోజు నుంచి ఎరుకమ్మ సముద్రంలో కాలు పెట్టలేదు. పుట్టిందీ పెరిగిందీ రేవులోనే అయిన మనిషి, చేపలు కొనాలన్నా కిందికి దిగకుండా రోడ్డు మీద నిలబడి అక్కడినుంచే అరిచి బేరం చేసేది. భయమా అని ఎవరైనా అడిగితే ఒప్పుకునేది కాదు. మోకాళ్ళ నొప్పులనేది.

ఏడాది దాటాక, ఎవరో దాతలు పంపిన ఫైబర్ పడవలు ఓడలో వచ్చి హాడో రేవులో దిగాయి. పడవలు పోయినవాళ్ళకి వరసగా పంచారు. రాముడి వంతుకి వచ్చిన పదిహేడో నెంబరు పడవకి అడుగున మూడు మూరల పగులు. ఓడ ఎక్కించేటప్పుడు పగిలిందో, దింపేటప్పుడు పగిలిందో, అడిగితే చెప్పే నాథుడు లేడు. పంపకం చూసే ఆఫీసరు పగులు చూశాడు, తన కాగితం చూసుకున్నాడు, తేల్చి చెప్పాడు. శుక్రవారం తనిఖీ. ఆలోగా అతికించుకుని, నీళ్ళలో దింపి చూపిస్తే పడవ రాముడిది. లేకపోతే అదే ఓడలో వెనక్కి పోతుంది. మళ్ళీ ఎప్పుడిస్తారో దేవుడికి తెలియాలి.

ఇక్కడ ఎరుకమ్మ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పడవ పోయినప్పటినుంచి రాముడు గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. పొద్దున్న కూర్చునేవాడు, సాయంత్రం లేచేవాడు. ఒకప్పుడు వీధంతా వినబడేలా మాట్లాడే మనిషికి ఇప్పుడు అన్నం పెట్టించుకోవడానికి కూడా మాట పెగిలేది కాదు. పడవ అతుక్కుంటే మావ సముద్రం మీదికి పోతాడు. అతుక్కోకపోతే ఇలాగే గుమ్మంలో కూర్చుని కరిగిపోతాడు. ఈ రెండింట్లో ఏది కావాలో ఎరుకమ్మకే తెలియలేదు. అందుకని ఆ సోమవారం ఏ దేవుడికీ మొక్కకుండా ఊరుకుంది.

పడవలు బాగుచేసుకోవడం నేర్పడానికి విశాఖపట్నం నుంచి దేవేంద్ర అనే కెమికల్ ఇంజినీరు వచ్చాడు. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ ఫైలు. రేవు పక్క షెడ్డులో మగవాళ్ళకి పాఠం. ఎరుకమ్మ రాముడికి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళి, షెడ్డు రోడ్డు వైపే ఉంది గనక ధైర్యంగా గుమ్మంలో కూర్చుని విన్నది.

రెజిన్ అంటే ఆముదంలా చిక్కటి ద్రవం. దాన్ని గాజుదారాల గుడ్డ, అదే గాజునార, పరచిన చోట పూస్తే గట్టిపడి రాయవుతుంది. ఊరికే గట్టిపడదు. ముందు ఊదారంగు కోబాల్ట్ కాస్త కలపాలి, తర్వాత నీళ్ళలా ఉండే కేటలిస్ట్ కలపాలి. "ఈ రెండూ ఒకదానితో ఒకటి నేరుగా ఎప్పుడూ కలవకూడదు. భగ్గుమంటాయి. ఎప్పుడూ రెజిన్ మధ్యలో ఉండాలి" అని దేవేంద్ర మూడుసార్లు చెప్పాడు.

"తోటికోడళ్ళు. మధ్యన అత్త ఉండాల," అంది గుమ్మంలోంచి ఎరుకమ్మ. మగాళ్ళు నవ్వారు. దేవేంద్ర నవ్వి మళ్ళీ ఫైల్లోకి చూసుకున్నాడు. కేటలిస్ట్ అనేది రసాయన చర్యని పరిగెత్తిస్తుందనీ, తను మాత్రం ఖర్చవదనీ, ఎప్పుడైనా రెజిన్‌లో నూటికి రెండు వంతులు వెయ్యాలనీ చెప్పాడు. ఎరుకమ్మ ఈ మూడు మాటలూ కొంగున కట్టుకుంది. పెరుగు తోడు కూడా అంతే కదా. కొంచెం వేస్తే గిన్నెంతా తోడుకుంటుంది, మర్నాటికి మళ్ళీ అదే తోడు చేతిలో ఉంటుంది. ఇంత చిన్న సంగతికి విశాఖపట్నం నుంచి మనిషి రావాలా అనుకుంది.

మంగళవారం మిట్టమధ్యాహ్నం రాముడు రంగంలోకి దిగాడు. అతనికిచ్చింది పది కిలోల రెజిన్, కాస్త కోబాల్ట్, ఒక సీసా కేటలిస్ట్. కలిపేదేదో ఒక్కసారే కలుపుకుంటే పని తెములుతుందని, నాలుగు కిలోలు బకెట్లో పోసి, కోబాల్ట్ కలిపి, కేటలిస్ట్ నూటికి రెండు లెక్క చూసుకుని, చెయ్యి ధారాళం కావడం వల్ల ఇంకొంచెం కూడా వేసి తిప్పాడు. గాజునార ముక్క కత్తిరించుకుని వెనక్కి తిరిగేసరికి బకెట్లోంచి పొగ. బ్రష్ నిటారుగా నిలబడి ఉంది. లాగితే బకెట్టే పైకి లేచింది. బకెట్ అడుగు మెత్తబడి వంగిపోయింది. వీధి కుర్రాళ్ళు దానికి దణ్ణం పెట్టి, రాముడు శివలింగాన్ని ప్రతిష్ఠించాడని ఇంటింటికీ చెప్పుకొచ్చారు. అప్పుడే ఇంకో దెబ్బ. ఆ కంగారులో అతని కాలు తగిలి కేటలిస్ట్ సీసా పడి సగం ఇసక పాలయింది.

రాముడు బకెట్ అక్కడే వదిలేశాడు. ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

ఎరుకమ్మకి కోపమొచ్చింది. మొగుడి మీద కాదు, ఆ బకెట్ మీద. తన ఇంటి మనిషి తోడు వేస్తే ఇలా అవుతుందా? అంత ఎండలో అంత తోడు ఎవడు వెయ్యమన్నాడు? పాలు వేడిగా ఉన్నప్పుడు తోడు తగ్గించాలని పదేళ్ళ పిల్లకి తెలుసు. ఆ ఇంజినీరు అబ్బాయి కాగితంలో ఎండకీ వానకీ ఒకటే కొలత రాసి ఉంది. ఆవిడ కొంగు బిగించింది.

బుధవారం పొద్దున్న డజను కొబ్బరి చిప్పలు వరసగా పేర్చుకుంది. ఒక్కో చిప్పలో కోబాల్ట్ కలిపిన రెజిన్ రెండేసి చెంచాలు. ఒకదాంట్లో కేటలిస్ట్ నాలుగు చుక్కలు, ఒకదాంట్లో ఎనిమిది, ఒకదాంట్లో పదహారు. కొన్ని చిప్పలు నీడలో, కొన్ని ఎండలో, ఒకటి తడిగుడ్డ మీద. చేతికి గడియారం లేదు. ఉన్నదల్లా సగంలో ఉన్న వల. ఎరుకమ్మ చేతులు వల అల్లడం మొదలుపెడితే దేనికీ తొందరపడవు, దేనికీ ఆగవు. కన్ను తర్వాత కన్ను. ఏ చిప్ప గట్టిపడితే, ఆ క్షణానికి అల్లుతున్న కన్నుకి ఒక గుడ్డపీలిక కట్టింది. ఎండలో చిప్పకి ఎర్ర పీలిక, నీడలో చిప్పకి నీలం పీలిక, తడిగుడ్డ దానికి తెల్లది.

మధ్యాహ్నం దేవేంద్ర అటు వచ్చి ఆ వల చూశాడు. ఏమిటని అడిగితే ఆవిడ చెప్పింది. అతను తన గడియారం చూస్తూ ఆవిడ చేత కాసేపు అల్లించాడు. నిమిషానికి ఎనిమిది కళ్ళు. మళ్ళీ అల్లించాడు. ఎనిమిదే. అతను నేల మీద చతికిలబడి, పీలికల మధ్య కళ్ళు లెక్కపెట్టి ఫైల్లో రాసుకున్నాడు. నీడలో నాలుగు చుక్కల చిప్పకి మూడువందల కళ్ళు పట్టాయి. ఎండలో అవే నాలుగు చుక్కలకి నూట నలభై.

"వేడి పది డిగ్రీలు పెరిగితే పట్టే టైము సుమారుగా సగమవుతుందమ్మా," అన్నాడు దేవేంద్ర నెమ్మదిగా. "ఇది కనుక్కోవడానికి మేము ఒక సెమిస్టరంతా లేబొరేటరీలో కూర్చున్నాం."

"వల అల్లుకుంటూ కూకోవలసింది బాబూ. పనీ అయ్యేది, వలా అయ్యేది," అంది ఎరుకమ్మ.

ఇంతవరకూ గెలుపే. కానీ గెలిచిన మనిషికి కళ్ళు నెత్తికెక్కుతాయి కదా. సీసాలో మిగిలిన కేటలిస్ట్‌ని దేవేంద్ర కొలిచి చూశాడు. రెజిన్ ఆరు కిలోలుంది. రెండు శాతం లెక్కన నూట ఇరవై మిల్లీలు కావాలి. ఉన్నది డెబ్బై. ఇంకో సీసా రావాలంటే మరో ఓడ, ఆ ఓడకి పద్దెనిమిది రోజులు. తనిఖీ ఎల్లుండి. అతను పెదవి కొరుక్కుంటూ ఆఫీసు వైపు వెళ్ళాడు, ఎవరి దగ్గరైనా సీసా దొరుకుతుందేమోనని. ఎరుకమ్మ మాత్రం చీకూ చింతా లేకుండా గురమ్మతో అంది, "ఆ బాబుకి కంగారెక్కువ. కేటలిస్టు కరుసవ్వదని ఆయనే సెప్పినాడు. నా దగ్గర తోడుంది కదేటి."

ఆవిడ తోడు అన్నది, అప్పుడే సగం గట్టిపడుతున్న ఒక చిప్పని. అందులోంచి ఒక ముద్ద తీసి, కోబాల్ట్ కలిపిన అరకిలో రెజిన్‌లో వేసి, నాలుగుసార్లు తిప్పింది. నిప్పు దగ్గర పెట్టకూడదని దేవేంద్ర అన్నాడు గనక పొయ్యికి దూరంగా వసారాలో బల్ల మీద పెట్టి, మీద పళ్ళెం మూత వేసి, మూత మీద ఉతికిన గుడ్డ కప్పింది. ఇక పడుకుని లేస్తే రాయి.

గురమ్మ నోరు ఊరుకోదు. గురువారం పొద్దున్నకి ఎరుకమ్మ వసారాలో ఏడుగురు ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలతో సహా, కాన్పు గది బయట ఉన్నట్టు నిలబడ్డారు. రాముడు కూడా గుమ్మంలోంచి లేచి వచ్చాడు. ఎరుకమ్మ గుడ్డ తీసింది. పళ్ళెం తీసింది. గిన్నెని కొంచెం వంచింది.

రెజిన్ ఆముదంలా జారింది. నిన్న వేసిన ముద్ద మాత్రం ఆ మధ్యలో కోడిగుడ్డులా గట్టిగా కూర్చుని ఉంది.

గురమ్మ చంకలో పిల్లాడు ఒక్కడూ చప్పట్లు కొట్టాడు. ఎరుకమ్మ మొహం చూడలేకపోయారు జనం. గాజులు పోయినప్పుడు కూడా ఆవిడ అలా అవలేదు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి ఆవిడ వేసిన తోడు తోడుకోలేదు.

ఆవిడ ఆ గిన్నె చేత్తో పట్టుకుని, వీధి వెంట రాగా, నేరుగా షెడ్డుకి వెళ్ళింది. దేవేంద్ర టీ తాగుతున్నాడు.

"సారు బాబూ, కేటలిస్టు కరుసవ్వదని సెప్పినావా, నేదా?"

"చెప్పానమ్మా."

"నిన్న సిప్పలో పోసినాను. కరుసవ్వకపోతే అందులోనే ఉండాల కదా. ఈ గిన్నెలోకి తెచ్చినాను. ఏదీ? ఎక్కడుంది?" గిన్నె అతని ముక్కు కిందికి తోసింది. "అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం. నా కేటలిస్టు నాకు తీసియ్యి."

దేవేంద్ర టీ గ్లాసు కింద పెట్టాడు. గిన్నెలోకి చూశాడు, ఆ గుడ్డు చూశాడు. మర్యాదస్తుడు కాబట్టి నవ్వలేదు. చదువుకున్నవాడు కాబట్టి కాసేపు ఒప్పుకోలేదు. నిజాయితీపరుడు కాబట్టి చివరికి ఒప్పుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. సీసా మీద అలా రాసి ఉంది, బజార్లో అందరూ అలాగే అంటారు, నేనూ అలాగే చెప్పేశాను. పేరుకే అది కేటలిస్ట్. పని అగ్గిపుల్లది. వెలిగిస్తుంది, తను కాలిపోతుంది. కాలిన పుల్లతో మళ్ళీ పొయ్యి వెలగదు కదా. నిజంగా ఖర్చవనిది ఆ ఊదారంగు కోబాల్ట్. బంబూఫ్లాట్ రేవుకి తిరిగే ఫెర్రీ పడవలా అటూ ఇటూ తిరుగుతూ అదే పని మళ్ళీ మళ్ళీ చేస్తుంది."

"మరి పెరుగులో తోడు?"

"అది వేరు. అది ప్రాణమున్నది. పాలు తిని పెరుగుతుంది. ఇది పెరగదు."

ఎరుకమ్మ గిన్నెలో ఆ ముద్దని వేలితో నొక్కి చూసింది. తన చెయ్యి తప్పలేదు, తను వేసినదానికి ప్రాణం లేదు, అంతే. ఆ ఒక్క మాటతో ఆవిడకి సగం బలం వచ్చింది. మిగతా సగం ఆవిడే తెచ్చుకుంది.

"అయితే కరుసయ్యేదాన్ని పొదుపుగా వాడాల. రెండు వంతులు ఏ వేడికి రాసినావు బాబూ?"

"ఇరవై అయిదు డిగ్రీలకి. విశాఖపట్నంలో, ఏసీ లేబొరేటరీలో."

"ఇక్కడ మిట్టమధ్యాహ్నం బోర్లించిన పడవ మీద సెయ్యెడితే కాలతాది. ఒక వంతు సాలదేటి?"

దేవేంద్ర ఫైలు తెరిచాడు. వలలోంచి రాసుకున్న అంకెల మీద వేలు నడిపాడు. నూటికి ఒక వంతంటే ఆరు కిలోలకి అరవై మిల్లీలు. సీసాలో డెబ్బై. అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చాలుతుంది. అంతకన్నా తగ్గితే మాత్రం లోపల పచ్చిగా ఉండిపోతుంది. పైకి గట్టిగానే కనబడుతుంది, నీళ్ళలో నానితే విడిపోతుంది. ఒక్క చుక్క కూడా తగ్గకూడదు. కానీ బకెట్లో ఆరు కిలోలు కలిపితే మళ్ళీ పొగే."

"బకెట్లో ఎవడు కలపమన్నాడు?" అంది ఎరుకమ్మ. "పెళ్ళిలో పులిహోర కలపాలంటే అన్నం గుండిగలో ఒగ్గేస్తావేటి? మద్దెలో ఉడుకుతానే ఉంటాది. వెడల్పుగా ఆరబోస్తాం. ఇదీ అంతే. ఎక్కువ కలపకూడదు, లోతుగా ఉంచకూడదు."

అతను ఆ మాట కూడా ఫైల్లో రాసుకుని, టీ పూర్తి చేశాడు.

గురువారం మధ్యాహ్నం పడవని ఎండలో బోర్లించారు. పగులు చుట్టూ గీకి, తుడిచి, తడి లేకుండా ఆరనిచ్చారు. వీధిలో ఉన్న వెడల్పాటి రేకు పళ్ళేలన్నీ వచ్చాయి, మళ్ళీ వంటకి పనికిరావని తెలిసి కూడా ఇచ్చారు. కోబాల్ట్ కలిపిన రెజిన్ పళ్ళేనికి అరకిలో. ఎరుకమ్మ ఒక్కో పళ్ళేనికి మందుసీసా మూతతో అయిదు మిల్లీలు కేటలిస్ట్ కొలిచి పోస్తుంది, గురమ్మ కర్రతో తిప్పుతుంది, రాముడు అందుకుని గాజునార మీద పూస్తాడు, ఇంకొకరు బుడగలు లేకుండా రోలరు దొర్లిస్తారు. ఒక పళ్ళెం అయ్యేసరికి ఇంకోటి. ఏ పళ్ళెంలోనూ పొగ లేవలేదు. దేవేంద్ర గడియారం పట్టుకుని నిలబడ్డాడు గానీ ఎవరూ అతన్ని టైము అడగలేదు. ఎరుకమ్మ లోలోపల వల కళ్ళు లెక్కపెట్టుకుంటోంది.

ఏడో పళ్ళెం దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. ఆ పొర సరిగ్గా పగులు మీద పడేది. మూత సగం పోస్తే చాలు. పైకి అతుకులాగే ఉంటుంది, శుక్రవారం నీళ్ళలో చెమరుస్తుంది, పడవ ఓడెక్కి వెనక్కిపోతుంది. మావ బతికి ఉంటాడు. ఎవరికీ తెలియదు. బంగారురాజు వెళ్ళేముందు అక్క చేతి పెరుగన్నం తిని వెళ్ళాడు. ఎరుకమ్మ తలెత్తి చూసింది. పడవ అవతల రాముడు, చేతిలో బ్రష్, జుట్టుకి రెజిన్, గురమ్మ మీద అరుస్తున్నాడు. "ఒలమ్మీ, జల్దీ తిప్పు! నిద్దరోతన్నావేటి!" ఏడాది తర్వాత ఆ గొంతు వీధి చివరిదాకా వినబడింది.

ఎరుకమ్మ మూత నిండా పోసింది. అంచుదాకా పోసింది.

శుక్రవారం పొద్దున్న ఆఫీసరు వచ్చాడు. రూపాయి బిళ్ళతో అతుకంతా టక్ టక్ మని కొట్టి, చెవి పెట్టి విన్నాడు. ఎక్కడా డొల్ల చప్పుడు లేదు. అయినా తల ఊపలేదు. పడవని నీళ్ళలో దింపి, బరువు పెట్టి, గంటసేపు ఉంచాలన్నాడు. "ఏక్ బూంద్ భీ పానీ నహీ ఆనా చాహియే," ఒక్క చుక్క నీరు రాకూడదని ఖచ్చితంగా చెప్పాడు. బరువుకి పెట్టే పీపాలు ఇంకో రేవులో ఉన్నాయట.

"పీపాలెందుకు, మనుసులు నేరా?" అంది ఎరుకమ్మ. అనేశాక గానీ ఆ మాట తనదేనని ఆవిడకి తెలియలేదు.

గురమ్మా ఇంకో అయిదుగురూ గొల్లుమని ఎక్కేశారు. ఎరుకమ్మ ఒడ్డున నిలబడింది. మోకాలి లోతు నీళ్ళు. పదిహేను నెలల తర్వాత ఆ నీళ్ళలో కాలు పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసింది. పడవలోంచి రాముడు చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఎక్కి, సరిగ్గా అతుకు మీదే కూర్చుంది. ఒళ్ళో స్టీలు మజ్జిగ డబ్బా. మొగుడు నీళ్ళ మీదున్న రోజు మజ్జిగ లేకుండా ఆవిడెప్పుడూ పంపలేదు. ఆ రోజు కంగారులో తనే డబ్బా పట్టుకుని వచ్చేసింది.

పావుగంట. అరగంట. ఆడవాళ్ళు కబుర్లలో పడ్డారు. ఆఫీసరు అంచు మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడే ఒక పెద్ద ఓడ హాడో వైపు పోతూ అల తోసింది. పడవ ఊగింది. ఎరుకమ్మ కళ్ళు మూసుకుని రెండు చేతులతో అంచు పట్టుకుంది. ఊగడం ఆగాక కళ్ళు తెరిచింది. అరికాళ్ళ కింద చల్లగా తగిలింది. చీర అంచు తడిసి ఉంది. పడవ అడుగున, అతుకు మీద, తెల్లగా తడి.

ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. పచ్చిగా ఉండిపోయింది. తన చెయ్యే. ఏ పళ్ళేనికో తక్కువ పోసింది, మనసులో అనుకున్నది చేతికి అంటుకుంది. "మావా, నానే, నానే సేసినాను," అంది. ఏమి చేసిందో రాముడికి అర్థం కాలేదు.

ఆఫీసరు కాగితం తీసి, కలం మూత తీశాడు. పదిహేడో నెంబరు మీద గీత పెట్టబోతూ, నియమం నియమమే గనక, వంగి ఆ తడిలో వేలు ముంచి చూశాడు. వేలు వేలితో రాసి చూశాడు. తెల్లగా ఉందేమిటా అని నాలిక మీద వేసుకున్నాడు. మొహం ముడుచుకున్నాడు.

"ఇస్‌మే నమక్ నహీ హై," అన్నాడు. దీంట్లో ఉప్పు లేదు.

రాముడు లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, హాడో దాకా వినబడేలా అరిచాడు. "నమక్ నహీ హై! సాబ్, నమక్ నహీ హై! సముద్రమయితే నమక్ ఉంటాది కదా!"

ఎరుకమ్మ ఒళ్ళోకి చూసుకుంది. డబ్బా పక్కకి ఒరిగి ఉంది, మూత ఊడి ఉంది. పొద్దున్న కంగారులో మజ్జిగలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుంటే పడవ మళ్ళీ ఊగింది. ఈసారి ఎరుకమ్మ అంచు పట్టుకోలేదు. ఏడుస్తూనే నవ్వింది. మజ్జిగంతా తుడిపించి ఆఫీసరు ఇంకో గంట కూర్చోబెట్టాడు, పట్టుదల మనిషి. అడుగు పొడిగానే ఉంది. పదిహేడో నెంబరు మీద గీత పడలేదు, పక్కన సంతకం పడింది.

దేవేంద్ర తన ఫైల్లో పాత కాగితం చింపేసి, ఎండకి ఒక కొలత, నీడకి ఒక కొలత, వానకి ఒక కొలత రాసుకున్నాడు. వెళ్ళేటప్పుడు ఆ పీలికల వల ఇమ్మని అడిగాడు. "వలతో సేపలు పట్టుకోవాల బాబూ, ఫైల్లో పెట్టుకుంటారేటి," అని ఎరుకమ్మ ఇవ్వలేదు. ఆ తర్వాత ఏ పడవకి చిల్లు పడినా కేటలిస్ట్ సీసా ఆవిడ చేతికే వచ్చేది. గిన్నె పొట్టకి వేళ్ళ వెనకవైపు ఆనించి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ఎంత పొయ్యాలో చెప్పేది. అది కేటలిస్ట్ కాదు, అగ్గిపుల్ల అని కొత్తగా వచ్చిన ప్రతి ఇంజినీరునీ దిద్దేది కూడా.

ఆ మర్నాటి నుంచి రాముడు వేటకి పోవడం మొదలుపెట్టాడు. ఇప్పటికి ఎనిమిదేళ్ళు. రోజూ ఎరుకమ్మ రేవులోకి దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మజ్జిగ డబ్బా అందిస్తుంది. రోజూ అతను మూత తీసి ఒక గుక్క తాగి మొహం ముడుస్తాడు.

"ఒలే, ఇయ్యాల కూడా ఉప్పెయ్యనేదా?"

"ఎయ్యను. పడవలో తడి కనబడితే ఏటి సేస్తావు?"

"నాలిక మీదేసుకుని సూస్తాను."

"ఉప్పగా ఉంటే?"

"తిరిగొచ్చేస్తాను."

"అదే మరి," అంటుంది ఎరుకమ్మ. ఎనిమిదేళ్ళుగా రాముడు చప్పటి మజ్జిగే తాగుతున్నాడు.